ఉప్పుటేరు నీళ్లను ల్యాబ్ పరీక్షకు ఎలా పట్టాలి?

కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుక మేట అడ్డంగా ఉంది. ఉప్పుటేరు మోసుకొచ్చిన ఊరి మురుగు అంత తేలిగ్గా నడిసముద్రంలోకి పోదు. నీళ్లు పాడయ్యాయని కాయితం మీద చూపించాలంటే ఫీకల్ కోలిఫామ్, అంటే మలం నుంచి వచ్చే బాక్టీరియా లెక్క కావాలి. స్నానానికి, చేపల వేటకు వాడే తీర జలాల్లో 100 మిల్లీలీటర్లకు అది 100 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

సామాను: ల్యాబ్‌లో స్టెరిలైజ్ చేసిన 250 మి.లీ. గాజు సీసాలు, రబ్బరు గ్లౌజులు, ఐసు పెట్టె, పెన్సిలు, చీటీలు. కూల్‌డ్రింకు సీసాలు ఎంత కడిగినా వద్దు.

చోట్లు మూడు చాలు. మురుగు కాలువ కలిసేచోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఏరు అఖాతంలో పడేచోట ఒకటి. ప్రతి నెలా అవే. ఫోన్లో లొకేషన్ దాచుకోండి.

వేళ: పాటు మీద, నీళ్లు అఖాతం వైపు తీసే చివరి రెండు గంటల్లోనే పట్టాలి. పోటు మీద ఏట్లోకి ఎక్కేది అఖాతం నీరు; మురుగు పలచబడి లెక్క తక్కువొస్తుంది. ఏట్లో పాటు సముద్రంలో కంటే ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి పోటుపాట్ల వేళలు చెప్పే యాప్ కంటే ఏటిమొగలో వేటకెళ్లేవాళ్ల మాటే నమ్మండి. ఎండకు బాక్టీరియా చస్తుంది. పాటు తెల్లవారుజామున పడే రోజే ఎంచుకోండి.

ఇక సీసా నింపడం. ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఇక్కడే.

సీసాను నీళ్లతో తొలవకండి. బీఓడీ (నీళ్లలోని మురుగు కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే పరీక్ష) సీసాను తొలిచే అలవాటుతో దీన్నీ తొలిచేస్తారు. క్లోరిన్‌ను విరిచేందుకు ల్యాబ్ వాళ్లు లోపల సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటే అది కొట్టుకుపోతుంది. మూత తీశాక కింద పెట్టకూడదు, లోపలి వైపు వేలు తగలకూడదు.

ఇంజన్ ఆపి, పడవ ముందు భాగం నుంచి, ప్రవాహానికి ఎదురుగా వంగండి. సీసాను అడుగున పట్టుకుని, మూతి కిందికి పెట్టి, మోచేతి లోతుకు ఒక్కసారిగా ముంచండి. అక్కడ మూతిని ప్రవాహానికి ఎదురు తిప్పితే మీ చెయ్యి తాకని నీరు లోపలికొస్తుంది. ప్రవాహం లేకపోతే సీసాను ముందుకు నెడుతూ నింపండి. పైన తేలే తెట్టునూ, అడుగు బురదనూ రానివ్వద్దు; రెండింట్లోనూ బాక్టీరియా పేరుకుని ఉంటుంది. బక్కెట్‌తో తోడి సీసాలో పోస్తే అది బక్కెట్ పరీక్షే అవుతుంది.

నిండుగా నింపకండి. అంగుళం ఖాళీ ఉంటేనే ల్యాబ్‌లో కలియబెట్టగలరు.

సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఐసులో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. ఆరు గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. పడవలోనే చీటీ మీద చోటు, తేదీ, సమయం, పాటు మొదలైన వేళ, చివరి వాన ఎప్పుడు పడిందో రాయండి.

నీళ్లు నల్లబడితే మురుగున్నట్టు చెప్పే హెచ్‌టూఎస్ సీసాలతో సరిపెట్టేవాళ్లున్నారు. బావి నీళ్లకు అవి చాలు. ఏటి బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వాటిని నల్లబరుస్తుంది, పైగా లెక్క చెప్పవు.

ల్యాబ్‌లో ఒక మాట తప్పక చెప్పండి: ఇది మురుగు కలిసిన నీరు, బాగా పలచబరిచి చేయండి అని. లేకపోతే రిపోర్టులో 1600కి పైనే అని వస్తుంది. నిజంగా రెండు వేలో రెండు లక్షలో తేలదు, వచ్చే ఏడాది తగ్గిందో లేదో కూడా చూపించలేరు.

మీరు పట్టిన నమూనా కోర్టులో సాక్ష్యంగా నిలవడం కష్టం. 1974 జల చట్టం 21వ సెక్షన్ నమూనా పట్టే అధికారాన్ని కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి, దానికో పద్ధతి పెట్టింది. అందుకే రిపోర్టు జతచేసి, అవే మూడు చోట్ల నమూనాలు తీయమని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. పాటు మీదే పట్టాలని ఆ కాయితంలో విడిగా ఒక వాక్యం రాయండి.