రోడ్డు పక్క గడ్డి పట్టీలో మెటల్ డిటెక్టర్ వాడాలంటే: అమెరికా నగరాల్లో అనుమతికి దరఖాస్తు విధానం

అమెరికాలో ఇళ్ల ముందు సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య సన్నటి గడ్డి పట్టీ ఒకటి ఉంటుంది. క్లీవ్‌లాండ్ వైపు దాన్ని ట్రీ లాన్ అంటారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఆక్రన్‌లో డెవిల్ స్ట్రిప్, షికాగోలో పార్క్‌వే, మిన్నెసోటాలో బూలవార్డ్. పేరేదైనా మెటల్ డిటెక్టర్ కొన్నవాళ్ల కన్ను ముందుగా పడేది దాని మీదే. ఎన్నో దశాబ్దాలుగా జనం కారు దిగింది అక్కడే, జేబులోంచి తాళాలు తీసింది అక్కడే. వాటితో పాటు జారిన చిల్లర గడ్డిలో దిగిపోయింది. 1964, అంతకు ముందు సంవత్సరాలు వేసిన డైములు (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లలో (పాతిక సెంట్ల నాణేలు) 90 శాతం వెండి. పాత కాలనీల్లో అలాంటివి ఇంకా దొరుకుతున్నాయి.

డిటెక్టర్‌తో నేల మీద తిరగడం ఒక విషయం, నేల తవ్వడం వేరే విషయం. ఆఫీసుల్లో అడిగేది దాదాపు ఎప్పుడూ రెండో దాని గురించే. దరఖాస్తు రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే.

ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు చూస్తుంటాను. "ఇది పబ్లిక్ స్థలం, నన్నెవరు అడుగుతారు" అనుకునేవాళ్లు కొందరు. "ఇంటాయన సరే అన్నాడు, ఇంకేం కావాలి" అనుకునేవాళ్లు మరికొందరు. ఇద్దరూ ఇబ్బంది పడతారు.

చాలా నగరాల్లో ఈ పట్టీ రైట్ ఆఫ్ వేలో, అంటే రోడ్డుకీ దాని పక్కన ప్రజల అవసరాలకీ కేటాయించిన స్థలంలో భాగం. కొన్ని చోట్ల నేల నేరుగా సిటీ పేరు మీదే ఉంటుంది. ఇంకొన్ని చోట్ల నేల ఇంటి యజమానిదే, ఒక్కోసారి రోడ్డు మధ్య దాకా ఆయనదే. సిటీకి ఉండేది ఈజ్‌మెంట్, అంటే రోడ్డుకీ పైపులకీ చెట్లకీ ఆ నేలను వాడుకునే హక్కు. నేల ఎవరిదైనా గడ్డి కోసే బాధ్యత మాత్రం చాలా ఊళ్లలో ఇంటివాళ్లదే. అందుకే రెండు అనుమతులూ తీసుకోమంటాను: సిటీ నుంచి రాతలో, ఇంటివాళ్ల నుంచి కనీసం మాటలో.

ఆస్తి పన్ను కోసం స్థలాల విలువ కట్టే కౌంటీ అసెసర్ వెబ్‌సైట్‌లో పార్సెల్ మ్యాప్ ఉచితంగా చూడొచ్చు. అడ్రస్ కొడితే ఆ ఇంటి స్థలం గీత ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. చాలాసార్లు అది సైడ్‌వాక్‌కి ఇవతలే ఆగుతుంది. ఆ మ్యాప్ సర్వే కాదు, అడుగో రెండడుగులో అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ఎవరిని అడగాలో తెలియడానికి సరిపోతుంది.

అది స్టేట్ హైవే అయితే సిటీ మాట చెల్లదు, రాష్ట్ర రవాణా శాఖనే అడగాలి. గేటెడ్ కమ్యూనిటీలో రోడ్లు కూడా ప్రైవేటువే కావచ్చు, అప్పుడు హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) బోర్డుకి రాయాలి. వాషింగ్టన్ డీసీలో మరీ జాగ్రత్త. అక్కడ వీధుల మధ్య కనిపించే చిన్న చిన్న పచ్చిక ముక్కలు చాలావరకు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. ఆ సంస్థ స్థలాల్లో మెటల్ డిటెక్టర్ వాడటమే ఫెడరల్ నిబంధనల ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఇంకా 1979లో వచ్చిన ఆర్కియలాజికల్ రిసోర్సెస్ ప్రొటెక్షన్ యాక్ట్ కూడా ఉంది. ఫెడరల్ భూముల్లోనూ, నేటివ్ అమెరికన్ తెగల భూముల్లోనూ వందేళ్లు దాటిన పురావస్తువులను పర్మిట్ లేకుండా తవ్వి తీయకూడదని ఆ చట్టం. మామూలు కాలనీ పట్టీకి అది వర్తించదు. కానీ చారిత్రక ప్రాంతంగా ప్రకటించిన వీధి అయితే స్థానిక నియమాలు విడిగా ఉంటాయి, వాటినీ చూసుకోవాలి.

సిటీ కోడ్‌లో ఏం వెతకాలి

నగరాల నియమావళి దాదాపుగా అంతా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. "మెటల్ డిటెక్టర్" అని వెతికి ఏమీ రాకపోతే అడ్డంకి లేదని అనుకోకండి. "ఎక్స్‌కవేషన్", "రైట్ ఆఫ్ వే", "స్ట్రీట్ ట్రీ", "టర్ఫ్" అని కూడా వెతకండి. వీధి స్థలంలో పర్మిట్ లేకుండా తవ్వకూడదనే వాక్యం చాలా కోడ్‌లలో ఉంటుంది. అది కాంట్రాక్టర్లను ఉద్దేశించి రాసినదే. అయినా చదివితే మనకూ తగులుతుంది.

ఇంకో సంగతి. కొన్ని నగరాల్లో పార్కుల శాఖ డిటెక్టర్ పర్మిట్ ఇస్తుంది. న్యూయార్క్ సిటీ పార్కుల్లో అది తప్పనిసరి. ఆ కాగితం పార్కులకే చెల్లుతుంది. దాన్ని చూపించి వీధి పక్క పట్టీలో తవ్వుతానంటే కుదరదు, వీధులు చూసే శాఖ వేరు.

దరఖాస్తు: ఎవరికి, ఏమని

చాలా నగరాల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఫారం ఉండదు. పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో రైట్ ఆఫ్ వే పర్మిట్లు చూసే విభాగానికి ఈమెయిల్ పంపాలి. ఎవరో తెలియకపోతే సిటీ క్లర్క్ ఆఫీసుకి రాస్తే వాళ్లే పంపిస్తారు. ఫోన్‌లో "పర్లేదు" అన్న మాట మీద ఆధారపడవద్దు. రేపు పోలీసు వచ్చి అడిగితే ఆ మాట అన్నదెవరో కూడా చెప్పలేం.

నా మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. అందులో "తవ్వకం" అని రాశాను, అంతకు మించి వివరం లేదు. వాళ్లు కాంట్రాక్టర్ల ఫారం పంపి, సిటీ పేరు చేర్చిన బీమా పత్రం, ట్రాఫిక్ ప్లాన్ జతచేయమన్నారు. ఒక రోజంతా టెన్షన్ పడ్డాను. తర్వాత వాళ్ల వైపు నుంచి ఆలోచించాను. తవ్వకం అనగానే వాళ్ల కళ్ల ముందు కదిలేది జేసీబీ. నా చేతిలో ఉన్నది చెయ్యంత ట్రావెల్, అంటే తోటపనికి వాడే చిన్న చేతి పార. ఆ సంగతి నేను చెప్పలేదు కదా! రెండోసారి కొలతలతో సహా రాశాను. మూడు వాక్యాల జవాబు వచ్చింది: పర్మిట్ అక్కర్లేదు, చెట్ల దగ్గరికి వెళ్లొద్దు, గడ్డి ఎలా ఉందో అలా చేసి వెళ్లండి. ఆ మూడు వాక్యాల ప్రింటు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే పంపాలి. అందులో ఉండాల్సిన మాటలు మన భాషలో ఇలా ఉంటాయి (811 అంటే ఏమిటో కింద చెబుతాను):

"ఫలానా వీధిలో, ఫలానా నంబరు ఇంటి నుంచి ఫలానా నంబరు ఇంటి వరకు, సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టీలో హాబీగా మెటల్ డిటెక్టర్ వాడాలని అనుకుంటున్నాను. ఫలానా తేదీల్లో, పగటి పూట, నేనొక్కడినే వస్తాను. చేతి ట్రావెల్ తప్ప మోటారు పనిముట్లు ఏవీ వాడను. ఒక్కో గుంట నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు దాటదు, వెంటనే పూడుస్తాను. చెట్ల మొదళ్లకు, హైడ్రంట్లకు, మీటర్ బాక్సులకు దూరంగా ఉంటాను. తవ్వే ముందు 811కి చెప్పి టికెట్ తీసుకుంటాను. ఎదురుగా ఉన్న ఇంటివాళ్ల అనుమతి తీసుకుంటాను. దీనికి పర్మిట్ అవసరమా? అవసరమైతే ఏ ఫారం, ఫీజు ఎంత? దొరికిన వస్తువుల విషయంలో సిటీ నియమం ఏమిటి?"

మ్యాప్ మీద ఆ పట్టీని గుర్తుపెట్టి ఒక చిత్రం, మీ గుర్తింపు కార్డు కాపీ జతచేయండి. కొన్ని సిటీలు హోల్డ్ హార్మ్‌లెస్ పత్రం అడుగుతాయి. మీకేదైనా దెబ్బ తగిలితే సిటీని బాధ్యుల్ని చేయనని దాని అర్థం. సంతకం పెట్టే ముందు అంతా చదవండి. రెండు వారాలైనా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. జవాబు రాకపోవడం అనుమతి కాదు.

811 టికెట్

నేల కింద పైపులు, తీగలు ఎక్కడున్నాయో తవ్వే ముందు తెలుసుకోవడానికి 811 దేశమంతటా పనిచేసే నంబరు, 2007 నుంచి ఉంది. మన అభ్యర్థన నమోదైతే దాన్నే టికెట్ అంటారు. ఫోన్ చేసినా, రాష్ట్ర వెబ్‌సైట్‌లో నింపినా డబ్బు కట్టక్కర్లేదు. తవ్వబోయే చోటు చెబితే కొద్ది పనిదినాల్లో ఆ పైపుల, తీగల కంపెనీలవాళ్లు వచ్చి నేల మీద రంగులు వేస్తారు, జెండాలు గుచ్చుతారు. ఎరుపు కరెంటుకి, పసుపు గ్యాస్‌కి, నారింజ ఫోన్, ఇంటర్నెట్ తీగలకి, నీలం తాగునీటికి, ఆకుపచ్చ మురుగుకి. తెల్ల రంగు మనది, తవ్వబోయే చోటు చూపించడానికి. గీతకి రెండు వైపులా చాలా రాష్ట్రాల్లో 18 నుంచి 24 అంగుళాల వరకు జాగ్రత్త పరిధిగా లెక్క. నేనైతే ఆ పరిధిలో అసలు తవ్వను. చేతి పనిముట్లతో తక్కువ లోతు తవ్వేవాళ్లకి మినహాయింపు ఇచ్చే రాష్ట్రాలున్నాయి. మినహాయింపు ఉన్నా ఫోన్ చేయమనే చెబుతాను. ఇంటింటికీ వెళ్లే ఇంటర్నెట్ తీగ ఒక్కోసారి గడ్డి వేళ్ల కిందే, రెండు మూడు అంగుళాల లోతులో ఉంటుంది.

811 చెప్పనిది కూడా ఒకటుంది. ఇంటివాళ్లు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ పైపులు, వాటి తీగలు ఆ రంగుల్లో కనిపించవు. నేనొకసారి ట్రావెల్ దించగానే మెత్తటి ప్లాస్టిక్ తెగిన శబ్దం వచ్చింది. అప్పుడు నీళ్లు రాలేదు. మర్నాడు తెల్లవారుజామున టైమర్ ఆన్ అయ్యాక ఆ పట్టీ అంతా బురదైంది. పైపు ముక్క, అతికించే జాయింటు కొనుక్కుని వెళ్లి, ఆ ఇంటావిడ ముందే కూర్చుని బాగుచేశాను. అప్పటినుంచి తలుపు తట్టినప్పుడు నా మొదటి ప్రశ్న స్ప్రింక్లర్ల గురించే.

తలుపు తట్టడం, గడ్డి కోయడం

సిటీ కాగితం చేతిలో ఉన్నా తలుపు తట్టాలి. ఆ గడ్డికి నీళ్లు పోసేది వాళ్లు. కిటికీలోంచి చూస్తే ఎవరో మోకాళ్ల మీద కూర్చుని ఇంటి ముందు తవ్వుతుంటే ఎవరికైనా భయమేస్తుంది. పేరు చెప్పి, కాగితం చూపించి, ఎంతసేపు ఉంటారో చెప్పండి. వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి. సిటీ ఒప్పుకుంది కదా అని వాదించకండి. ఎవరూ తలుపు తీయకపోతే ఆ ఇంటి ముందు భాగం వదిలేయండి.

గడ్డిని నాలుగు వైపులా కోస్తే అది ఎండిపోతుంది. మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేళ్లు తెగకుండా తలుపులా మడవాలి. మట్టిని గడ్డి మీద కాకుండా ఒక గుడ్డ మీద పోయాలి. గుడ్డ మీద పోస్తే చివరి గుప్పెడు దాకా తిరిగి గుంటలోకి వెళ్తుంది, పట్టీ మీద మట్టి మరక ఉండదు. పిన్‌పాయింటర్‌తో (గుంటలో వస్తువు కచ్చితంగా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్) వెతికి వస్తువు తీశాక మట్టి నింపి, కొంచెం నీళ్లు పోసి, గడ్డి తలుపు మూసి అరికాలితో నొక్కాలి. సరిగ్గా చేస్తే లేచి నిలబడి చూసినప్పుడు ఎక్కడ తవ్వామో మనకే కనిపించదు. ఎండలు మండే రోజుల్లో, వాన లేక గడ్డి పసుపు పచ్చగా మారినప్పుడు అనుమతి ఉన్నా తవ్వకండి. ఎంత బాగా కోసినా ఆ ముక్క బతకదు. దొరికిన మేకులు, డబ్బా మూతలు, రేకు ముక్కలు మీ సంచిలోనే వేసుకుని వెళ్లండి.

దొరికింది ఎవరిది

దొరికినవాళ్లదే అని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. చట్టం అంత తేలిగ్గా లేదు. నేలలో పూడుకుపోయి ఉన్న వస్తువు ఆ నేల యజమానికే చెందుతుందని చాలా రాష్ట్రాల్లో కోర్టులు చెప్పాయి. అందుకే దరఖాస్తులో ఆ చివరి ప్రశ్న తప్పక ఉండాలి. పోగొట్టుకున్న వస్తువులకు వేరే చట్టాలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 20 డాలర్లు, అంతకు మించి విలువ ఉంటే పది రోజుల్లోగా యజమానికో పోలీసులకో ఇవ్వాలి. కాలిఫోర్నియాలో యజమాని తెలియనప్పుడు 100 డాలర్లు, ఆ పైన విలువ ఉంటే పోలీసులకు అప్పగించాలి. ఉంగరం దొరికితే లోపలి వైపు చూడండి. స్కూల్ ఉంగరమైతే స్కూలు పేరు, సంవత్సరం, ఒక్కోసారి పొడి అక్షరాలు కూడా ఉంటాయి, మనిషి దొరికే అవకాశం ఎక్కువ.

ఎముకలు కనిపించినా, తూటా కంటే పెద్ద మందుగుండు ఏదైనా కనిపించినా చెయ్యి పెట్టకండి, దూరంగా జరిగి 911కి ఫోన్ చేయండి.

సిటీ ఒప్పుకోకపోతే కారణం రాతలో అడగండి. నీటి పైపులు మారుస్తున్నారనో, కొత్త మొక్కలు నాటారనో అయితే ఆ పని అయ్యాక మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు. ఈలోగా తలుపు తీసి మాట్లాడిన ఇంటివాళ్లనే సైడ్‌వాక్‌కి ఇవతల ఉన్న వాళ్ల సొంత లాన్ గురించి అడిగి చూడండి. అది పూర్తిగా వాళ్లదే అయితే మామూలుగా వాళ్ల అనుమతి, 811 టికెట్ ఉంటే చాలు. పాత ఇళ్ల దగ్గర ముందు మెట్ల నుంచి సైడ్‌వాక్ దాకా ఉన్న దారి పక్కన కూడా చిల్లర బాగానే పడి ఉంటుంది.