పాత సిస్టమ్ మ్యాక్ అడ్రస్ కొత్తదానికి పెడుతున్నారా? ముందు ఇది చూడండి

ఈ మధ్య ఒక ఇంట్లో వారం రోజులపాటు నెట్ వస్తూ పోతూ ఉంది. కేబుల్ మార్చారు, రూటర్ మార్చారు, ఇక నెట్‌వర్క్ కార్డు పోయిందని కొత్తది కొనబోయారు. కార్డుకేమీ కాలేదు. మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే 12 అక్షరాల గుర్తింపు నంబరు. ఆపరేటర్ లాక్ (ఒక్క మ్యాక్‌కే నెట్ ఇవ్వడం) కోసం పాత సిస్టమ్ మ్యాక్‌ను కొత్తదానికి పెట్టి, పాతదాన్ని పిల్లల చదువుకని అదే రూటర్‌కి తగిలించారు.

అదే తప్పు: ఒకే ఇంట్లో రెండు మెషీన్లకు ఒకే మ్యాక్. రూటర్‌లోని స్విచ్ ఆ అడ్రస్‌ను చివరిసారి ఏ పోర్టులో చూసిందో అక్కడికే డేటా పంపుతుంది. ఇద్దరూ మాట్లాడుతుంటే అటొకటి, ఇటొకటి పోతుంది. రూటర్‌లో ఐపీలు (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామాలు) పంచే డీహెచ్‌సీపీ సాధారణంగా ఇద్దరికీ ఒకే ఐపీ ఇస్తుంది, పైగా ఐపీ గొడవ అన్న హెచ్చరిక కూడా రాకపోవచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పరీక్ష తేలికే. ఒకదాన్ని ఆపేసి, రెండోదాని నుంచి రూటర్‌కి 5 నిమిషాలు వరసగా పింగ్ (జవాబు వస్తోందా అని చూసే చిన్న సందేశం) కొట్టండి. శుభ్రంగా వస్తుందా? ఇప్పుడు మొదటిది ఆన్ చేయండి. వెంటనే తెగిపోవడం మొదలైతే దొంగ దొరికినట్టే.

విండోస్‌లో సరిచేయాలంటే డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్లు, ఆ కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్. అక్కడ 'నెట్‌వర్క్ అడ్రస్' దగ్గర 'నాట్ ప్రెజెంట్' ఎంచుకుని, కార్డును ఒకసారి డిజేబుల్, ఎనేబుల్ చేయండి. అసలు అడ్రస్ కార్డులోనే ఉంటుంది, తిరిగి వస్తుంది. (కొన్ని డ్రైవర్లలో ఆ పేరు 'లోకల్లీ అడ్మినిస్టర్డ్ అడ్రస్'.)

మ్యాక్ మార్చేముందు అసలు నంబరు కాగితం మీద రాసుకోండి. మార్చిన తర్వాత ఐపీకాన్ఫిగ్ కమాండ్ చూపేది మీరు పెట్టిందే, అసలుది కాదు.

ఆపరేటర్ లాక్ ఉంటే క్లోన్ చేయాల్సింది (అంటే పాత మ్యాక్ పెట్టాల్సింది) రూటర్ వాన్ వైపు, ఆపరేటర్ లైన్ వచ్చే చోట, కంప్యూటర్‌లో కాదు. ఇంకా మంచిది, ఫోన్ చేసి లాక్ తీయించుకోండి.

వైఫై కార్డు మ్యాక్ వేరు, లాన్ (కేబుల్) కార్డు మ్యాక్ వేరు. ఒకటి రాసి ఇంకోదానికి కొట్టకండి.

మీరు పెట్టే మ్యాక్ 12 అక్షరాల్లో రెండోది 2, 6, ఏ (A), ఇ (E) కాకపోతే విండోస్‌లో చాలా వైఫై డ్రైవర్లు ఒప్పుకోవు. అక్కడ బేసి సంఖ్య అసలు పెట్టొద్దు, అది మల్టీకాస్ట్, అంటే ఒక గుంపుకి పంపే అడ్రస్.

రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (జాబితాలో ఉన్న మ్యాక్‌లనే రానివ్వడం) ఆన్ చేసేముందు మీ సిస్టమ్ అడ్రస్ మొదట చేర్చండి. ఫోన్లలో ఆ వైఫైకి ర్యాండమ్ మ్యాక్ (ఫోన్ తనంతట తాను పెట్టుకునే నంబరు) ఆపండి.

డిస్క్ ఇమేజ్‌ను (పాత డిస్క్ మొత్తం కాపీని) అదే మోడల్ సిస్టమ్‌కి ఎక్కించారా? మార్చిన మ్యాక్, విండోస్ సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీతో పాటే వచ్చేస్తుంది. చూసుకోండి.

పాత సిస్టమ్‌కి నెట్ తగిలించేముందు, రెండింటి మ్యాక్‌లూ పక్కపక్కన రాసి పోల్చండి. మళ్లీ చెబుతున్నా: రెండింటికీ ఒకే నంబరు ఉండకూడదు.