ఆల్చిప్ప పొదుగుపని – 3వ పాఠం: కోత, పొదగడం

పోయిన పాఠంలో ఆల్చిప్ప వీపు మీది గోధుమరంగు పొర గీకి, గాజుపలక మీద పరిచిన సాండ్‌పేపర్‌తో చదును చేశాం. ఈసారి అందులోంచి మామిడాకు ఆకారం కోసి టేకు పెట్టె మూతలో పొదుగుదాం. చిప్పలు ఇంకా దొరకనివాళ్లు చెరువుగట్టునో కాలవగట్టునో వెతకండి. ఖాళీవే ఏరుకోండి, బతికున్నవాటి జోలికి పోవద్దు. కాకినాడ తీరంలో దొరికే పల్చటి, అవతల వెలుగు కనిపించే చిప్పలు మాత్రం తేవద్దు. అవి వేరే జాతి, కోస్తుంటే రేకులుగా ఊడొస్తాయి.

రంపం పట్టే ముందు మెరుపు చూడాలి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు, ఆకు పొదిగాక వెలవెలబోయిందని బాధపడతారు. చిప్పను తడిపి కిటికీ దగ్గర మెల్లగా తిప్పండి. ఒక వాటంలో వెండిలా ఉంటుంది, కాస్త తిప్పితే గులాబీ ఛాయ, ఇంకాస్త తిప్పితే ఉత్త తెలుపు. చిప్పను చూసి వెండి అని భ్రమపడడాన్ని వేదాంతులు ఊరికే ఉదాహరణగా తీసుకోలేదు. లోపల అరగొనైట్ అనే సున్నపు స్ఫటికాల పలకలు పేర్చినట్టు ఉంటాయి. ఒక్కోదాని మందం సుమారు అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండువేల వంతు), దాదాపు వెలుగు తరంగమంత. పొరల మీంచి తిరిగొచ్చే వెలుగు కలిసి కొన్ని రంగులు పెరుగుతాయి, కొన్ని అణిగిపోతాయి. అద్దిన రంగు కాదు కాబట్టే చూసే దిక్కును బట్టి మారుతుంది. బాగా మెరిసే దిక్కుకు పెన్సిల్‌తో బాణం గీసుకోండి. నాలుగైదు ఆకులు పొదిగేటప్పుడు బాణాలన్నీ ఒకే వైపు ఉండాలి.

కోతకు కంసాలులు వాడే సన్న రంపం కావాలి. బ్లేడు పళ్లు కిందికి చూడాలి. బల్ల అంచుకు బిగించిన చెక్కముక్కలో ‘వి’ ఆకారంలో గాడి కోసి, చిప్పను దానిమీద ఆనించండి. ఆకు బొమ్మ గీసిన కాగితాన్ని చిప్పకు అంటించి, గీతకు వెంట్రుకవాసి బయటగా కోయండి. రంపం నిటారుగా పైకీ కిందికీ ఆడాలి, మలుపు దగ్గర తిప్పాల్సింది చిప్పనే. బ్లేడును తిప్పారా, పుటుక్కున విరుగుతుంది. చిప్పను తడుపుతూనే ఉండండి, మాస్కు లేకుండా కూర్చోవద్దు. ఈ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అంచుతోనూ జాగ్రత్త. వెనకటికి ఇదే చిప్పను బండ మీద అరగదీసి, పడిన బెజ్జం అంచుతో పచ్చి మామిడికాయల చెక్కు తీసేవాళ్లు. వేలు తెగడం ఎంతసేపు!

ఆకును మూత మీద రెండు చుక్కల ఫెవికాల్‌తో తాత్కాలికంగా నిలిపి, చుట్టూ పదునైన బ్లేడుతో గీత పెట్టి తీసేయండి. గీత లోపలి చెక్కను చిన్న ఉలితో తవ్వండి. లోతు చిప్ప మందం కన్నా కొంచెం తక్కువుండాలి, అంటే ఆకు పైకి లేచినట్టు తెలియాలి. ఎరాల్డైట్ అనే రెండు ట్యూబుల జిగురులో ఆ చెక్క పొట్టే కలిపి గుంటలో పూసి ఆకును అదమండి. సందులు దాంతోనే పూడతాయి. ఒక రోజు ముట్టుకోవద్దు.

ఈలోగా, ఇలా తవ్వే పనే పెట్టుకోనివాళ్ల సంగతి. పదహారు, పదిహేడు శతాబ్దాల గుజరాత్ పనివాళ్లు సముద్రపు నత్తగుల్ల ముక్కల్ని పెట్టెల మీద పొలుసుల్లా పేర్చి ఇత్తడి మేకులతో దిగ్గొట్టేవాళ్లు. పోర్చుగీసు ఓడల్లో ఆ పెట్టెలు యూరప్ రాజుల ఖజానాలకు చేరాయి. ఫతేపూర్ సిక్రీలో 1572లో కన్నుమూసిన సూఫీ గురువు సలీం చిష్తీ సమాధి మీది చెక్క పందిరి నిండా ముత్యపు చిప్ప పనే. కొరియా, జపాన్‌లలో కాగితమంత పల్చటి ముక్కల్ని లక్కర్ అనే చెట్టుపాల పూతలో కూర్చేవాళ్లు. నాకు గుజరాత్ మేకులే ఇష్టం, దాపరికం లేని పని. నది చిప్పలకూ వైభవం లేకపోలేదు: 1891లో జాన్ బెపుల్ అనే జర్మన్ అమెరికాలోని మస్కటీన్‌లో మిసిసిపీ నది ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేయడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ వచ్చేదాకా ఆ ఊరికి గుండీలే జీవనాధారం.

ఇక ముత్యం సంగతి. స్వాతి కార్తె చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని పెద్దల మాట. నిజానికి లోపల చేరిన పరాయిదాని చుట్టూ ఆ జీవి ఈ పొరల్నే పేరుస్తుంది. మీరు కోస్తున్నదీ ముత్యమూ ఒకే సరుకు.

మర్నాడు 220 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి ఆకు, చెక్క ఒకే మట్టానికి వచ్చేదాకా రుద్దండి. తర్వాత 400, 800, 1200. ప్రతిసారీ వేలితో తడమండి, అంచు తగలకపోతే ఆపేయండి. అత్యాశకు పోతే చిప్ప చిల్లు పడుతుంది. నిమ్మరసం, వెనిగర్‌తో తుడవద్దు, సున్నం కదా, బుడగలొచ్చి మెరుపు చస్తుంది. అనుమానముంటే తుక్కు ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి.

వచ్చే పాఠంలో ఆకు మీద ఈనెలు చెక్కి, నల్లరంగు నింపుదాం. సూదిమొన ఉలి ఒకటి, కాస్త కాటుక సిద్ధం చేసుకోండి.