ట్రక్కులో సెరెంగెటీకి వెళ్లేవాళ్లకు

మా వదిన, నేను కిందటి జులైలో నైరోబీలో ట్రక్కెక్కాం. నమంగా దగ్గర కెన్యా సరిహద్దు దాటి టాంజానియాలోకి వెళ్లి, అరూషా ఊరి మీదుగా సెరెంగెటీ జంతువుల పార్కు, గోరొంగోరో అగ్నిపర్వత బిలం చూసి వచ్చాం. లారీ మీద కట్టిన పెద్ద బండి అది. డేరాలు, వంట సామాను, తాగే నీళ్లు, ఇరవై మంది జనం, అన్నీ అందులోనే. ఇంట్లో ఉన్నట్టే అక్కడా అందరికీ పని ఉంటుంది. అది ఇష్టమైతేనే బయల్దేరండి.

ముందు టీకా. కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని అడగండి.

చక్రాల సూట్‌కేసు వద్దు. ట్రక్కులో లాకరు ఇరుకు, మెత్తటి సంచి అయితేనే నొక్కితే పడుతుంది. వదిన పెట్టె పట్టక, బట్టలన్నీ నా సంచిలో కుక్కాం. ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేయండి; కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం. నీలం, నలుపు బట్టలు కూడా వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, కుడితే చురుక్కుమంటుంది.

సీటు వెనక చక్రాలకు ముందు చూసుకోండి. సెరెంగెటీ మట్టిరోడ్డు మీద వెనక కూర్చుంటే నడుము పట్టేస్తుంది. ముక్కుకు చున్నీ కట్టుకోండి, ఎర్రదుమ్ము అంతా ఇంతా కాదు.

గిన్నెలు కడగడం మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి. మూడు తొట్లు పెడతారు: సబ్బు నీళ్లు, మంచి నీళ్లు, క్రిములు చంపే మందు కలిపిన నీళ్లు. తుడవడానికి గుడ్డ ఉండదు. ప్లేటును విసనకర్రలా ఊపి ఊపి ఆరబెట్టాలి. ఒక్క తడిగుడ్డ చాలు, ట్రక్కులో అందరికీ విరేచనాలు పట్టుకోవడానికి. వదిన రెండు చేతుల్లో రెండు ప్లేట్లు పట్టుకుని ఊపుతుంటే వంటాయన చప్పట్లు కొట్టాడు. మాంసం తినకపోతే బుకింగ్ అప్పుడే చెప్పండి. కందిపొడి డబ్బా మాత్రం మరవకండి, ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్దలో అద్భుతంగా ఉంటుంది.

సెరెంగెటీ లోపలి క్యాంపులకు కంచె లేదు. డేరాలో బిస్కెట్ ముక్క కూడా ఉంచకండి, వాసనకి హైనాలు వస్తాయి. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే, జిప్ కాస్త తీసి టార్చి చుట్టూ తిప్పండి. కళ్లు మెరిస్తే జిప్ వేసేయండి. నేను ఒకసారి అలా గంట ఆగాను. టెన్షన్ పడ్డాను గానీ, బయటికి మాత్రం అడుగు పెట్టలేదు.

గోరొంగోరో బిలం అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తు. రాత్రి వణికించే చలి, మంకీక్యాప్ తప్పనిసరి. ట్రక్కు బిలంలోకి దిగదు, పొద్దున్నే చిన్న జీపుల్లోకి మారతాం. అందుకని నీళ్ల సీసా, బైనాక్యులర్, స్వెటర్ ముందురాత్రే చేతిసంచిలో సర్దుకోండి. చీకట్లో లాకరు వెతుక్కునే టైమ్ ఎవరూ ఇవ్వరు.