గ్రహణం మీ డాబా మీద నుంచి కనిపిస్తుందా?

1980 ఫిబ్రవరి 16న నాకు పన్నెండేళ్లు. హైదరాబాదుకు దగ్గర్లోని రంగాపురం వేధశాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సాగిపోయిన రోజు అది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అక్కడికి వచ్చారు. విజయవాడలో మా అమ్మ మాత్రం కిటికీలకు దుప్పట్లు కట్టి, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, మా ముగ్గురినీ దాని ముందు కూర్చోబెట్టింది. రోకలి నిలబడింది. (తర్వాత మామూలు రోజుల్లోనూ పెట్టి చూశాను. నిలబడుతుంది.) దుప్పటి అవతల జరిగింది చూడలేకపోయానన్న ఉక్రోషమే నన్ను ఈ లెక్కల్లోకి దింపింది. ఇప్పుడు గ్రహణం మాట వినపడితే చాలు, చుట్టాలందరూ నాకే ఫోను చేస్తారు: "మనకు కనిపిస్తుందా పిన్నీ?"

చంద్రగ్రహణమైతే జవాబు తేలిక. భూమి నీడ వెళ్లి చంద్రుడి మీద పడుతుంది కాబట్టి స్పర్శ (పట్టు), మధ్యకాలం, మోక్షం (విడుపు) అన్ని దేశాలవాళ్లకూ ఒకే క్షణంలో జరుగుతాయి. గడియారాల్లో అంకెలే వేరు. ఇక పున్నమి చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయానికి పైకి వచ్చి, సూర్యోదయానికి దిగిపోతాడు. కనుక గ్రహణం గంటలను మీ ఊరి సమయంలోకి మార్చండి. రాత్రిలో పడితే కనిపిస్తుంది, పగట్లో పడితే కనిపించదు. అంతర్జాతీయ సమయం ఇచ్చి ఉంటే మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

2025 సెప్టెంబరు 7 గ్రహణం మనకు రాత్రి 9:57కు పట్టింది. 11:01 నుంచి 12:23 దాకా సంపూర్ణం, 1:26కు విడుపు. దేశమంతటా కనిపించే గ్రహణం. డల్లాసులో ఉన్న మా చెల్లెలు మన టీవీ చూసి పట్టుస్నానం చేసి, వంట మాని కూర్చుంది. అక్కడ అప్పుడు ఉదయం పదకొండున్నర! చంద్రుడు వాళ్ల కాళ్ల కింద, భూమికి అవతల ఉన్నాడు. 2026 మార్చి 3 గ్రహణానికి లెక్క తిరగబడుతుంది. మన గడియారంలో అది మధ్యాహ్నం 3:20 నుంచి సాయంత్రం 6:47 వరకు. సంపూర్ణ దశ 5:33కే అయిపోతుంది. విజయవాడలో చంద్రోదయం ఆరు దాటాకే కాబట్టి మన వంతు చివరి అరగంట. డల్లాసులో మాత్రం తెల్లవారుజామున 5:04 నుంచి 6:03 దాకా చంద్రుడు పూర్తిగా నీడలోనే.

ఇలా గ్రహణంతోనే ఉదయించడాన్ని పంచాంగకర్తలు గ్రస్తోదయం అంటారు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. 2022 నవంబరు 8న చంద్రోదయం సుమారు అయిదున్నరకు, మోక్షం 6:19కి. అయిదింటికే ఫ్లాస్కులో టీ పోసుకుని మా అపార్ట్‌మెంటు డాబా ఎక్కాను. తూర్పున కొత్తగా లేచిన భవనం ఉందన్న సంగతి నాకు తెలియక కాదు, లెక్కలోకి తీసుకోలేదు. చంద్రుడు దాని నీళ్ల ట్యాంకు పక్కనుంచి బయటపడేసరికి అంచున చిన్న గాటు మిగిలింది.

అప్పటి నుంచి ముందురోజే పిడికిలితో కొలుస్తున్నాను. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతాడు. అంటే ఎదుటి భవనం దిగంతం నుంచి ఒక పిడికిలి ఎత్తుంటే నలభై నిమిషాల గ్రహణం మీకు దక్కదు. రెండు పిడికిళ్లుంటే ఆ డాబా వదిలేసి కృష్ణ ఒడ్డుకో, పొలం గట్టుకో వెళ్లండి.

తేదీ దగ్గర ఇంకో చిక్కు. 2023 అక్టోబరు 28 గ్రహణం అని అందరూ అన్నారు. మనకు అది శనివారం రాత్రి పడుకున్నాక, ఒంటి గంట దాటాక పట్టింది. గడియారం ప్రకారం అప్పటికి 29వ తేదీ. మా వారు 28 అన్న అంకె చూసి శుక్రవారం రాత్రి ఒంటి గంటకే అలారం మోగించి ఇల్లంతా లేపారు. 'ఉపచ్ఛాయ' (భూమి అసలు నీడ చుట్టూ ఉండే పలచని నీడ) అన్న మాట కనిపిస్తే మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. 2023 మే 5న నేను పాడుచేసుకున్నాను. చంద్రుడు రోజూలాగే ఉన్నాడు.

సూర్యగ్రహణానికి ఈ లెక్కలేవీ పనిచేయవు. చంద్రుడి నీడ భూమి మీద సన్నని దారిలా సాగుతుంది. 2019 డిసెంబరు 26 ఉదయం తిరుచిరాపల్లిలో మా వియ్యపురాలు సూర్యుణ్ణి ఉంగరంలా చూసింది. అదే పూట నాకు విజయవాడలో కనిపించింది నెలవంక. అందుకని హైదరాబాదు సమయాన్ని విశాఖకు వాడకూడదు. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఊళ్లవారీగా పట్టికలు ఇస్తుంది, మీ ఊరు లేదా దగ్గరి ఊరు చూసుకోండి. కళ్లకు ఐఎస్‌ఓ 12312-2 గుర్తున్న అద్దాలే. ఎక్స్‌రే ఫిల్ములు, నల్లకళ్లద్దాలు వద్దు. అద్దాలు లేకపోతే సూర్యుడికి వీపు పెట్టి, బూందీ గరిటె నీడను తెల్లకాగితం మీద పడనివ్వండి. ఒక్కో చిల్లుకూ ఒక్కో నెలవంక. అద్దాలకంటే నాకిదే ఇష్టం, పిల్లలకూ ఇదే.

2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణం స్పెయిన్, ఈజిప్టుల మీదుగా సౌదీకి వస్తుంది. జెడ్డాలో ఉన్న మనవాళ్లకు పట్టపగలే అయిదు నిమిషాలకు పైగా చీకటి. ప్రయాణం చేయగలిగినవాళ్లు 2031 మే 21 రాసుకోండి, కేరళ, దక్షిణ తమిళనాడుల మీదుగా ఉంగరం పోతుంది. 2034 మార్చి 20 సంపూర్ణ గ్రహణానికి కశ్మీరు, లద్దాఖ్ వైపు వెళ్లాలి. నా మోకాళ్లు ఒప్పుకుంటే నేనూ వెళతాను.

నేను ఎదురుచూస్తున్నది 2028 డిసెంబరు 31. ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో చంద్రుడు పూర్తిగా నీడలో ఉంటాడు, విడుపు సుమారు అర్ధరాత్రికి. పుష్యపు పున్నమి కాబట్టి దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఏ భవనమూ అడ్డురాదు. కొత్త సంవత్సరం కేకు ఎలాగూ డాబా మీదే కోస్తారు. విడుపు అయ్యేదాకా కత్తి పట్టుకోవద్దని మా వాచ్‌మనుకు ఇప్పుడే చెప్పి ఉంచాను.