ఇంటి గ్యాస్ లైన్ - 4వ పాఠం: పసుపు పట్టీ చూసి పైపు కొన్నవాళ్ల కోసం

ఈసారి రెగ్యులేటర్ గురించి రాద్దామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠంలో "గ్యాస్ పైపు పసుపు రంగులో ఉంటుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అది చదివి ముగ్గురు షాపుకు పోయి, పసుపు పట్టీ ఉన్న జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) కొని ఫొటోలు పంపారు. ప్రొద్దుటూరు ఆయనైతే గోడకు క్లాంపులు కూడా కొట్టేశాడు. తప్పు నాదే.

లైను మీద పూసే పసుపు వేరు. అది పైపు పొడవునా ఉంటుంది. ఇందులో గ్యాస్ పోతోంది, ఇక్కడ మేకు కొట్టొద్దు అని చెప్పడానికి. కంపెనీ వేసే పసుపు పట్టీ వేరు. అది పైపు మందం చెబుతుంది. ఇనుప పైపులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 1239. దాని లెక్కలో పసుపు పట్టీ అంటే ఏ క్లాస్, అన్నిటికన్నా పల్చనిది. నీలం బీ క్లాస్. ఎరుపు సీ క్లాస్, దళసరిది. మనం కొనాల్సింది ఎరుపు పట్టీ పైపు. దాని మీద పసుపు పెయింటు మనం వేసుకోవాలి.

అర అంగుళం పైపుకు ఏ క్లాస్ మందం 2 మి.మీ., బీ 2.6, సీ 3.2. "ఒక్క మిల్లీమీటరుకే ఇంత గొడవా సార్?" అని ప్రొద్దుటూరు ఆయనే అడిగాడు. గొడవంతా త్రెడ్డింగ్ దగ్గర, అంటే పైపు చివర మరలు కోసే దగ్గర. మరలు కోసే డై తిప్పినప్పుడు గాడి సుమారు 1.16 మి.మీ. లోతుకు దిగుతుంది. ఏ క్లాస్ పైపులో ఆ గాడి అడుగున మిగిలేది 0.84. మీ జేబులోని ఏటీఎం కార్డు మందం 0.76. ఇంచుమించు ఆ కార్డంత ఇనుము మీద ఎల్బో (మలుపు ముక్క) పెట్టి, పైపు రెంచితో బలంగా లాగుతారు. గాడి అడుగున వెంట్రుకంత చీలిక వస్తుంది. ఎల్బో కప్పేస్తుంది కాబట్టి అది కంటికి కనబడదు. సీ క్లాస్‌లో అదే చోట 2 మి.మీ. మిగులుతుంది. షాపులో పట్టీ చెరిగిపోయి ఉంటే తూకం వేయించండి. 6 మీటర్ల పైపు ఏ క్లాస్ 5.7 కిలోలు, సీ క్లాస్ 8.6 కిలోల దాకా తూగుతుంది. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనీయండి.

ఈ మందం ప్రెజర్ కోసం కాదు. రెగ్యులేటర్ దాటాక గ్యాస్ 30 మిల్లీబార్‌లో వస్తుంది. బడిపిల్లల స్కేలంత ఎత్తున నిలబడిన నీళ్ల ఒత్తిడి ఎంతో, అంతే. మిద్దె మీది ట్యాంకు నుంచి వంటింటి కుళాయికి వచ్చేది దీనికి పదింతలు.

అలాంటప్పుడు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు చాలదా, వేడినీళ్లకే తట్టుకుంటుంది కదా అని కడప నుంచి ఒకమ్మ అడిగారు. చాలదమ్మా. వంటింట్లో మంట లేస్తే ఇనుప పైపు నిలబడుతుంది, ప్లాస్టిక్ మెత్తబడి కారి మంటకే గ్యాస్ అందిస్తుంది. సిటీ గ్యాస్ వాళ్లు వేసే ప్లాస్టిక్ పైపు భూమిలోనే ఉంటుంది, ఇంటి గోడ ఎక్కేసరికి జీఐ అయిపోతుంది.

నన్నడిగితే జీఐ కన్నా రాగి మేలు. మెత్తని రాగి కాయిల్‌ను స్ప్రింగ్ పెట్టి వంచితే మూలల్లో ఎల్బోలే అక్కర్లేదు. జాయింటు తగ్గితే గ్యాస్ కారే చోటు తగ్గినట్టే. ఖర్చెక్కువే. తప్పనిసరి జాయింటుకు వెండి కలిసిన కడ్డీతో బ్రేజింగ్ (బాగా వేడి చేసి అతికించడం) చేయించండి, టంకం వద్దు. 200 డిగ్రీల దగ్గరే అది నీళ్లవుతుంది.

మన వైపు వంటింటి గట్టు కడప బండే కదా. డ్రిల్ వేసిన రంధ్రం అంచు మీద వేలు పెట్టి చూడండి, బ్లేడులా ఉంటుంది. స్టవ్‌కు తగిలించే నారింజ రంగు సురక్షా రబ్బరు ట్యూబును అందులోంచి దూర్చి, రోజూ స్టవ్ జరుపుతుంటే ఆ అంచు రబ్బరును కోస్తూనే ఉంటుంది. బండ దాటాల్సింది రాగి పైపు, దానికీ చుట్టూ తొడుగు ఉండాలి. ట్యూబు మొత్తం కంటికి కనబడేలా ఉండాలి. పొడవు మీటరున్నర దాటకూడదు. అయిదేళ్లకు మార్చాలి.

అభ్యాసం మరిచేపోయాను. మీ లైను కాగితం మీద గీసి, ప్రతి జాయింటుకూ నంబరు వేసి, అది ఎందుకు తప్పదో ఒక్కో వాక్యం రాయండి. కారణం దొరకని జాయింటు కొట్టేసి మొత్తం మళ్లీ గీయండి. ఇలా మూడుసార్లు. బిగించే పని, గ్యాస్ వదిలే పని మాత్రం లైసెన్సున్న మనిషిదే.

ప్రొద్దుటూరు ఆయనకు: విప్పిన పైపు పారేయొద్దు. బట్టలారేసే దండేనికి చక్కగా సరిపోతుంది.