గ్రేస్, టోరీస్ ఎక్కే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాల్సినవి

జులై నాలుగు సెలవులకు డాలస్ నుంచి కొలరాడోలోని డెన్వర్‌లో దిగి, మర్నాడే ఫ్రెండ్‌తో కలిసి 14,000 అడుగుల శిఖరం ఎక్కేద్దామనుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఎవరినడిగినా ముందు గ్రేస్, టోరీస్ పేర్లే చెబుతారు. ఐ-70 హైవే నుంచి దగ్గర, దారి స్పష్టం, తాళ్లతో పని లేదు, ఒక్క రోజులో రెండు శిఖరాలు. రెండూ కలిపి రానుపోను 8 మైళ్ల పైమాటే. ఇదంతా విని "ఈజీ" అనేసుకోవడంతోనే తంటా మొదలవుతుంది.

"అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినోణ్ణి, నాకిదెంత" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. తిరుమల ఎత్తు సుమారు 3,000 అడుగులే. ఇక్కడ నడక మొదలయ్యే స్టీవెన్స్ గల్చ్ దగ్గరే 11,000 అడుగులు దాటి ఉంటాం. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో సుమారు 60 శాతమే. రోజూ జిమ్‌కి వెళ్లేవాడికి కూడా తలనొప్పి, వికారం, తల తిరగడం రావచ్చు. ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు. డెన్వర్‌లో ఒక రాత్రి పడుకుంటే సరిపోదు. వీలైతే ఫ్రిస్కో, డిలన్ లాంటి 9,000 అడుగుల ఊళ్లలో ఒకటి రెండు రాత్రులు ఉండండి. ఆ రాత్రి మందు పార్టీ వద్దు. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందులకు వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్‌ని అడిగే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి.

ఇక ఇద్దరే వెళ్లడంలో ఉన్న చిక్కు. తలనొప్పి మొదలైనవాడు "వీడి ట్రిప్ పాడుచేయడం ఎందుకులే" అని నోరు మెదపడు. రెండోవాడు వీడి మొహం చూస్తూనే "మామా, ఇంకొంచెమే" అంటాడు. వెనక్కి పోదామనే మాట ఎదుటివాడే అనాలని ఇద్దరూ చూస్తుంటారు. అందుకే ఒప్పందం కారు దిగకముందే అయిపోవాలి: ఎవరు "చాలు" అన్నా ఇద్దరూ దిగాలి, వాదన లేదు, తర్వాత వాట్సాప్ గ్రూపులో వెక్కిరింపూ లేదు. నిదానంగా నడిచేవాడు ముందుండాలి. "ఓకేనా?" అంటే ఎవడైనా ఓకే అనే అంటాడు, కాబట్టి అడగడం కంటే చూడడం మేలు. మాట తడబడుతున్నా, గీత గీసినట్టు తిన్నగా నాలుగడుగులు వేయలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది అలసట కాదు. వెంటనే కిందికి దించాలి, 911కి ఫోన్ చేయాలి. "నువ్విక్కడే కూర్చో, నేను పైదాకా వెళ్లొస్తా" అన్న మాట మాత్రం ఎప్పుడూ అనకూడదు.

రెండో పెద్ద భయం పిడుగు. జులై, ఆగస్టుల్లో పొద్దున్న నీలంగా మెరిసిన ఆకాశం మధ్యాహ్నానికి ఉరుముతుంది. ఈ దారిలో దాదాపు అంతా బోడి కొండే, తలదాచుకోవడానికి చోటు ఉండదు. అందుకే హెడ్‌ల్యాంపులు పెట్టుకుని తెల్లవారుజామున నాలుగైదింటికే బయల్దేరతారు. పదకొండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగడం మంచిది, శిఖరం వంద అడుగుల్లో కనిపిస్తున్నా సరే. గ్రేస్ మీద నిలబడి టోరీస్ వైపు చూసినప్పుడే అసలు పరీక్ష: రెండింటినీ కలిపే పల్లపు గట్టులోకి (మెడ అంటారు) దిగి, మళ్లీ దాదాపు 600 అడుగులు ఎక్కాలి. అప్పటికే మేఘాలు గోపురాల్లా లేస్తుంటే టోరీస్‌ని ఇంకోసారికి వదిలేయండి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలదనే లెక్క. శిఖరం, గట్టు వదిలి వేగంగా దిగండి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోకుండా ఎడంగా నడవండి, ఒకడికి దెబ్బ తగిలినా రెండోవాడు సాయపడగలడు. వాతావరణం చూసేటప్పుడు డెన్వర్‌ది కాదు, నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో ఆ శిఖరానికే చూడండి.

కెల్సో రిడ్జ్ మీదుగా టోరీస్ ఎక్కే దారి ఫొటోల్లో భలే ఉంటుంది. అది చేతులతో పాకాల్సిన రాళ్ల గట్టు, మొదటిసారి వెళ్లేవాళ్లు దాని జోలికి పోవద్దు. జూన్‌లో అయితే మెడ దగ్గర మంచు ఇంకా ఉండొచ్చు.

జీన్స్, కాటన్ టీషర్టులు తడిస్తే ఆరవు. జులైలోనూ వడగళ్లు పడతాయి కాబట్టి వాన జాకెట్, టోపీ, గ్లవుజులు సంచిలో ఉండాల్సిందే. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. తిండికి పల్లీ చిక్కీ, పులిహోర బ్రహ్మాండం. పైన ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు ఎనర్జీ బార్ కంటే చింతపండు పులుపే గొంతు దిగుతుంది (ఇది నా పక్షపాతం). కొండ మేకలు దగ్గరికొస్తాయి, మేత పెట్టకండి.

బేకర్‌విల్ ఎగ్జిట్ దగ్గర నుంచి పైకి మూడు మైళ్ల మట్టిరోడ్డు, గతుకులు. అద్దె సెడాన్‌తో వెళితే అడుగు భాగం తగులుతుంది. కిందే ఆపి నడిస్తే ఆ మూడు మైళ్లూ రానూ పోనూ కలుస్తాయి, దానికి తగ్గట్టు ఇంకా ముందే లేవాలి.

మ్యాప్ ఫోన్లోకి దించుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఏ దారి, ఏ కారు, ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే 911కి చెప్పాలో ఇంట్లోవాళ్లకి మెసేజ్ పెట్టండి. బిల్లు వేలల్లో వస్తుందేమోనని సాయం అడగడానికి జంకేవాళ్లున్నారు. కొలరాడోలో కొండల్లో వెతికి కాపాడే వాలంటీర్ బృందాలు డబ్బు తీసుకోవు. అంబులెన్స్‌కీ, వైద్య హెలికాప్టర్‌కీ మాత్రం బిల్లు వస్తుంది. చీకటి పడేదాకా ఆగకుండా వెలుతురుండగానే పిలిస్తే వాళ్ల పనీ తేలిక.